మోషే చేతి వణుకు

ఆళ్లగడ్డలో రాతి బొమ్మలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. కానీ రాతి మీద అక్షరాలు చెక్కించుకోవాలంటే మాత్రం పాస్టర్లూ, మసీదు పెద్దలూ, బడి పంతుళ్లూ అందరూ మోషే కొట్టుకే వచ్చేవాళ్లు. సమాధి రాయి కానివ్వండి, కొత్త ఇంటి ముందు పెట్టుకునే పేరు కానివ్వండి, అతను మిషను ముట్టడు. ఉలీ సుత్తీ అంతే. అతను చెక్కిన అక్షరం అచ్చులో పోసినట్టు ఉండదు, ఎవరో పెద్దమనిషి తీరిగ్గా కూర్చుని రాసినట్టు ఉంటుంది.

ఆ రాత అతనికి రాజరత్నం మాస్టరు పెట్టిన భిక్ష. ఉయ్యాలవాడ బడిలో మాస్టరు పిల్లల చేత ఇసకలో దిద్దించేవాడు. మిగతా పిల్లలు దిద్దేసి పరుగెత్తేవాళ్లు. మోషే ఒక్కడే చెరిపి మళ్లీ రాసేవాడు. చదువు ఎక్కువ సాగలేదు, నాయనతో కలిసి రాళ్ల పనికి రావాల్సి వచ్చింది. కానీ చేతికి వచ్చిన ఆ అక్షరం చేతిలోనే ఉండిపోయి, అతనికీ అతని ఇంటికీ ఇన్నేళ్లు అన్నం పెట్టింది.

మాస్టరు రిటైరయ్యాక నంద్యాలలో స్థిరపడ్డాడు. పోయిన చలికాలంలో కన్నుమూశాడు. ఆయన కూతురు జ్యోత్స్న ఆళ్లగడ్డకు వచ్చి, కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"నాయన పోయే ముందర చెప్పినాడన్నా. నా రాయి మోషేతోనే చెక్కియ్యండి, వేరేవాళ్లతో వద్దు అని."

"నేను చెక్కకపోతే ఎవరు చెక్కుతారమ్మా" అన్నాడు మోషే.

మంచి నల్లరాయి ఏరుకుని తెచ్చాడు. నున్నగా సాన పెట్టించాడు. అక్షరాలు గీసుకున్నాడు. కానీ ఉలి పెట్టడానికి రోజులు నెడుతూ వచ్చాడు. కారణం ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లుగా అతని చెయ్యి వణుకుతోంది.

మొదట్లో చలి అనుకున్నాడు. చలి పోయినా వణుకు పోలేదు. సుత్తి ఎత్తితే ఉలి పట్టుకున్న ఎడమచెయ్యి సన్నగా అదిరేది, లారీ పోయినప్పుడు కిటికీ అద్దం అదిరినట్టు. పెద్ద గీతలకు పర్వాలేదు. సన్నని వంపుల దగ్గర ఊపిరి బిగబట్టి లాక్కొచ్చేవాడు. దానికి తోడు గుండె దడ. పడుకుంటే నిద్ర రాదు. పొద్దున లేస్తే ఒళ్లంతా కొట్టి పడేసినట్టు ఉండేది. ఆ నీరసం పోవడానికి ఎదురుగా ఖలందర్ టీ కొట్టు ఉండనే ఉంది. గాజు గ్లాసులో చిక్కటి టీ పడగానే కాసేపు కళ్లు తెరుచుకునేవి. చెయ్యి వణికినప్పుడల్లా "ఇంకో టీ తాగితే కుదురుకుంటాది" అనుకుని లేచేవాడు.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి మాస్టరు పేరు మొదలుపెట్టాడు. 'రా' బాగా వచ్చింది. 'జ' వంపు తిప్పుతుండగా చెయ్యి అదిరింది. ఉలి జారింది. అక్షరం తలకాయ చిన్న పెచ్చుగా లేచి అతని మోకాలి మీద పడింది.

మోషే చాలాసేపు ఆ పెచ్చును చూస్తూ కూర్చున్నాడు. రాయి పోయినందుకు కాదు అతని బాధ. కళ్ల ముందు వాళ్ల నాయన కనపడ్డాడు. చివరి ఏళ్లలో ఆయనకూ ఇట్లాగే చేతులు వణికేవి. కొండరాయిని రెండు దెబ్బల్లో చీల్చిన మనిషి, నోట్లోకి ముద్ద పెట్టుకోలేక అమ్మ చేత తినిపించుకున్నాడు. నరాల జబ్బు, మందు లేదు అని డాక్టర్లు చెప్పేశారు. ఇప్పుడు తన వంతు వచ్చిందని మోషేకి ఖాయమైపోయింది. రాయి మీద గోనె సంచి కప్పి, కొట్టు మూసి, ఇంటికి వెళ్లాడు.

ఇంట్లో పెళ్లాం జీవమ్మ ఏమీ అడగలేదు. ఆమె అడిగే రకం కాదు, చూసే రకం. వారం తిరక్కముందే ఒక రోజు పొద్దున సంగటి గిన్నె ముందు పెట్టి చెప్పింది.

"రేపు మనం నంద్యాలకు పోతాండాం."

"ఏందీ, ఎందుకు?"

"ఆస్పత్రికి."

"ఎవరికి బాగలేదు?"

"నువ్వు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటాండావ్. నాకు కండ్లు లేవనుకున్నావా? నిన్న నువ్వు నమాజు కట్ట కాడికి రాయి దించేకి పోయినప్పుడు కొట్టు కాడికి పోయినా. సంచి ఎత్తి చూసినా."

మోషే తల దించుకున్నాడు. "మా నాయన జబ్బే, జీవమ్మా. పోయి చేసేదేముండాది?"

"ఆ మాట డాక్టరు చెప్పనీ. నువ్వు డాక్టరు గాదు."

*

నంద్యాల ఆస్పత్రిలో డాక్టరు షమా చాలా చిన్నమ్మాయి. నందికొట్కూరు వైపు ఆమె మాట. మోషే కుర్చీ అంచున కూర్చుని, శిక్ష వినడానికి వచ్చినవాడిలా ముందే అంతా ఒప్పేసుకున్నాడు.

"మా నాయనకు ఉన్నిందమ్మా. నాకూ వచ్చింది. ఎన్నాళ్లు పని చేసుకోగలనో చెప్తే చాలు."

"అంత తొందరెందుకు? చేతులు ముందుకు చాపండి" అంది ఆమె.

చాపాడు. ఆమె ఒక తెల్లకాగితం అతని వేళ్ల మీద పరిచింది. కాగితం రెపరెపలాడింది. జీవమ్మ ముఖం తిప్పుకుంది.

"ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోండి. మీ పనేందో, ఏమేం చెక్కుతారో నాకు చెప్పండి."

మోషే చెప్పుకొచ్చాడు. ఆమె వింటూనే అతని చేతుల్ని చూస్తోంది. మధ్యలో ఆపి అడిగింది.

"మీ నాయనకు పని లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా చెయ్యి వణికేదా?"

మోషే గుర్తు తెచ్చుకున్నాడు. "ఆ. ఒళ్లో చెయ్యి పెట్టుకున్నా వేళ్లు ఆడతానే ఉండేవి. ఏదో నలుపుతాండేట్టు."

"మీ చేతులు చూసుకోండి."

చూసుకున్నాడు. రెండు చేతులూ పంచె మీద కదలకుండా ఉన్నాయి.

ఆమె అతన్ని నడిపించింది, వేలితో ముక్కు ముట్టుకోమంది, కాగితం మీద పేరు రాయమంది. రక్తం తీయించింది. థైరాయిడ్ ఎక్కువైనా చెయ్యి వణుకుతుందట. గుండెకు ఈసీజీ తీయించింది. రిపోర్టులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నీ తిరగేసి, కలం పక్కన పెట్టి అడిగింది.

"టీ కాఫీలు తాగుతారా?"

"తాగుతామ్మా. మూడో నాలుగో."

జీవమ్మ ఇక ఆగలేకపోయింది. "అవి ఇంట్లో తాగేటివి మేడమ్. అంగడి కాడ తాగేటివి ఆయప్ప లెక్కలోకి రావు."

"నిన్న పొద్దున లేచినప్పట్నుంచి గుర్తు తెచ్చుకుని చెప్పండి" అంది డాక్టరు.

మోషే మొదలుపెట్టాడు. లేవగానే ఒకటి. టిఫిను తర్వాత ఒకటి. కొట్టు తెరవగానే, గిరాకీ వస్తే వాళ్లతో, పని కుదరకపోతే ఒకటి, పని కుదిరితే ఆ సంతోషానికి ఒకటి... చెప్పుకుంటూ పోతుంటే తనకే సిగ్గేసింది. చివరికి, "తలనొప్పి వస్తే టీ కూడా పనిచెయ్యదమ్మా, అప్పుడు ఇది ఏసుకుంటా" అని జేబులోంచి మాత్రల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె పట్టీ తిప్పి వెనక ఉన్న సన్నక్షరాలు చదివింది. చిన్నగా నవ్వింది.

"ఇందులో కూడా అదే ఉంది."

"ఏది?"

"కెఫీన్. టీలో, కాఫీలో ఉండేదే. మీరు టీ తాగుతున్నారు, టీ వల్ల వచ్చిన తలనొప్పికి మళ్లీ అదే కలిసిన మాత్ర వేసుకుంటున్నారు."

మోషే అర్థం కాక చూశాడు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"చూడండి. మనిషి అలిసిపోతే ఒళ్లు 'పడుకో' అని చెప్తుంది. కెఫీన్ ఆ మాట మనకు వినపడకుండా అడ్డం పడుతుంది. అలసట ఎక్కడికీ పోదు, అట్లే ఉంటుంది. మితంగా తాగితే మంచిదే, హుషారుగా ఉంటుంది, మనసు నిలకడగా ఉంటుంది. ఎక్కువైతే గుండె దడ, ఛాతీలో మంట, చెయ్యి వణుకు. సాయంత్రం తాగిన టీ మీరు పడుకునే వేళకు కూడా ఒంట్లో సగం మిగిలే ఉంటుంది. నిద్ర రాదు. నిద్ర లేకపోతే పొద్దున నీరసం. నీరసానికి మళ్లీ టీ. మీరు ఆ చక్రంలో తిరుగుతున్నారు."

"అంటే... మా నాయన జబ్బు..."

"ఇప్పటికి దాని గుర్తులేవీ నాకు కనపడలేదు. టీ తగ్గించండి. కొన్ని వారాల్లో వణుకు తగ్గకపోతే మళ్లీ రండి, నరాల డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తా. తగ్గుతుందనే నాకనిపిస్తోంది." తర్వాత వేలు చూపించి గట్టిగా చెప్పింది. "ఒక్కసారిగా మాత్రం మానొద్దు. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రండి. మధ్యాహ్నం దాటితే వద్దు. అన్నం తిన్న వెంటనే వద్దు, తిన్నదాంట్లో ఇనుము ఒంటికి పట్టనివ్వదు. టీ పాపమేం కాదు పెద్దాయనా. మా ఇంట్లో పొద్దున టీ పడకపోతే మా అమ్మ ఎవరితోనూ మాట్లాడదు."

బయటికి వచ్చాక మోషే ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. జీవమ్మ పక్కన కూర్చుంది. మనుషులు పక్కనుంచి ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. అతను తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసిన బరువు అది. పెళ్లాం చేత ముద్దలు పెట్టించుకునే రోజు తలుచుకుని తలుచుకుని అతను లోపల సగం చచ్చిపోయి ఉన్నాడు.

"స్తోత్రం నాయనా, స్తోత్రం" అని జీవమ్మ గొంతులోనే గొణుక్కుంటూ అతని వీపు నిమురుతూ కూర్చుంది.

*

సంతోషంలో మనిషికి బుద్ధి పనిచెయ్యదు. మెల్లగా తగ్గించమన్న మాట మోషే బస్సెక్కేలోపే మర్చిపోయాడు. మరుసటి రోజు పొద్దున టీ గ్లాసు ముట్టనన్నాడు. అంతా తెగ్గొట్టేశాడు.

మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేంత నొప్పి. కణతల దగ్గర ఎవరో లోపల్నుంచి ఉలి పెట్టి కొడుతున్నట్టు ఉంది. కూర్చుంటే నిద్ర, పడుకుంటే చిరాకు. కూర తెచ్చిన జీవమ్మ మీద ఊరికే ఎగిరాడు. ఇంకో రోజు గడిచేసరికి "ఆ పిల్ల డాక్టరుకు ఏం తెలుసు, తలలో ఇంకేందో పుట్టింది నాకు" అన్నాడు.

జీవమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "మేడమ్ ఏం చెప్పింది, నువ్వేం చేస్తాండావ్? మెల్లగా మానమంటే గుండు కొట్టించుకున్నట్టు ఒక్కదెబ్బకు మానేస్తివి. ఇంగ తల నొయ్యక ఏమైతాది?"

లోపలికి పోయి చిన్న గ్లాసులో టీ తెచ్చి చేతిలో పెట్టింది. తాగాడు. కాసేపట్లోనే తల తేలికైంది. ఆ రోజు నుంచి లెక్క ఆమె చేతిలోకి పోయింది. పొద్దున ఒక గ్లాసు, పనికి పోయే ముందు ఇంకొకటి. గ్లాసు రోజురోజుకీ వెలితి పడుతూ వచ్చింది, టీ పలచబడుతూ వచ్చింది. తగ్గిస్తున్నట్టు అతనికి తెలియనంత నేర్పుగా తగ్గించింది.

ఇంటి సంగతి ఆమె చూసుకుంది. కొట్టు సంగతే మోషేకి కష్టమైంది. ఎదురుగా ఖలందర్ స్టవ్వు. పాలు పొంగే వాసన. మనసు నిలవదని మోషే వెనక సందులోంచి వచ్చి, తలుపు ఒక రెక్కే తెరిచి పని చేసుకునేవాడు. నాలుగు రోజులు చూశాడు ఖలందర్. ఐదో రోజు స్టవ్వు మంట తగ్గించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందన్నా, మా టీ చెడిందా? లేకుంటే నేను చెడినానా?"

"అదేం లేదప్పా."

"మరి సందులోంచి దొంగ మాదిరి ఎందుకు వస్తాండావ్? ఇన్నేండ్లు ఎదురెదురుగా బతికినాం. మనసులో ఏమన్నా ఉంటే మొగం మీద అను."

మోషే అంతా చెప్పాడు. చెయ్యి సంగతి, నాయన సంగతి, డాక్టరు చెప్పింది. ఖలందర్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. రాళ్ల మధ్య నేల మీదే కూర్చున్నాడు.

"నేనే గదన్నా పోసింది. నువ్వు అడక్కముందే తెచ్చిపెట్టింటి. నీ చెయ్యి నేనే చెడగొట్టినట్టు గదా."

"నువ్వు ప్రేమతో పోసినావు. తాగేటోనికి ఉండాల బుద్ధి."

ఖలందర్ తల గోక్కుని అడిగాడు. "టీ తాగకపోతే నా బెంచీ మీద కూచోగూడదని యాడన్నా రాసిండాదా?"

మోషే తల ఎత్తి చూశాడు.

"రా అన్నా. ఊరికే కూచో. బేగా రా, పాలు పొంగిపోతాండాయి."

ఆ రోజు నుంచి ఖలందర్ కొట్టులో టీ గిన్నెల పక్కన ఒక కుండ కొత్తగా చేరింది. ఆయన భార్య అక్తర్ బేగం పొద్దున్నే చిలికి పంపే మజ్జిగ, అల్లం కొత్తిమీర దంచి వేసింది. మోషే వచ్చి కూర్చోగానే గ్లాసు చేతికొచ్చేది. ఎవరైనా తెలియక "మోషన్నకు ఒక టీ" అంటే ఖలందర్ స్టవ్వు దగ్గర నుంచే అరిచేవాడు. "ఆయప్పకు వద్దు! మీరు తాగండి."

అక్కడ కూర్చున్నప్పుడే మోషేకి ఒక సంగతి తెలిసొచ్చింది. రోజంతా రాళ్లతో ఒక్కడే ఉండే మనిషి తను. ఇన్నిసార్లు లేచి రోడ్డు దాటింది టీ కోసమే కాదు. నలుగురి మాట చెవిన పడుతుందని, ఖలందర్ "ఏమన్నా, ఎంతవరకు వచ్చింది పని" అని అడుగుతాడని. ఆ మాటలు మజ్జిగతో కూడా అంతే రుచిగా ఉన్నాయి.

నిద్ర ముందు తిరిగొచ్చింది. ఒక రోజు ఎండ గోడ మీదికి వచ్చినా అతను లేవలేదు. జీవమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ వేలికి చక్కిలిగిలై అతను తుమ్మి లేచాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాన్నాళ్లైంది.

గుండె దడ తగ్గింది. మాత్రల పట్టీ మళ్లీ కొనలేదు. ఇక చెయ్యి. దాన్ని చూసుకోవడానికి మోషేకి ధైర్యం రాలేదు. ఒక పొద్దున ఎందుకూ పనికిరాని రాయి ముక్క మీద ఊరికే ఒక వంపు చెక్కాడు. ఇంకొకటి చెక్కాడు. ఉలి ఎక్కడ నిలవమంటే అక్కడ నిలిచింది. ఆ ముక్కను అక్షరాలతో నింపేసి, బయటికి వచ్చి రోడ్డు అవతలికి చెయ్యి చాపి చూపించాడు. ఖలందర్ టీ జల్లెడ పట్టుకునే పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, కొనబోయే గొడ్డును చూసినట్టు.

"అల్లా చల్లగా చూసినాడన్నా" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

మోషే జ్యోత్స్నకు ఫోన్ చేశాడు. రాయి ఎట్లా చెడిందీ, ఎందుకు చెడిందీ ఏదీ దాచలేదు. కొత్త రాయి తెచ్చానని, ఆలస్యమైందని, క్షమించమని అన్నాడు.

"ఆలస్యమైతే ఏమన్నా, నువ్వు బాగుండావు, అది చాలు. నాయనుంటే రాయి గురించి అడిగేటోడు గాదు, నీ చెయ్యి గురించే అడిగేటోడు" అందామె.

*

మాస్టరు రాయి నంద్యాల సమాధుల తోటలో నిలబెట్టిన రోజు ఆదివారం. పొద్దుటి ఆరాధన ముగించుకుని సంఘమంతా అక్కడికే వచ్చింది. మాస్టరు దగ్గర చదువుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. జుట్టు నెరిసినవాళ్లు కూడా ఆ పేరు ముందు చేతులు కట్టుకుని పిల్లల్లా నిలబడ్డారు. జ్యోత్స్న మోకాళ్ల మీద కూర్చుని తండ్రి పేరును ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా అరచేత్తో తడిమింది. పాస్టరు ప్రార్థన అయ్యాక ఆమే మోషే వైపు తిరిగి, "నువ్వొక మాట చెప్పన్నా" అంది.

మోషే జన్మలో పదిమంది ముందు మాట్లాడింది లేదు. జీవమ్మ వైపు చూశాడు. ఆమె "చెప్పు" అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"నాకు మాట్లాడేకి రాదు" అని మొదలుపెట్టాడు. "మాస్టరు నాకు అక్షరం ఇచ్చినాడు. దాంతోనే ఇన్నేండ్లు తిన్నా. మొన్న నా చెయ్యి పోయిందనుకున్నా. పోలేదు. దేవునికి స్తోత్రం. నాకు ఓపిగ్గా చెప్పిన డాక్టరమ్మకు వందనాలు. నన్ను చెయ్యి పట్టి తెచ్చిన మా జీవమ్మకు వందనాలు." కొంచెం ఆగాడు. "ఆళ్లగడ్డలో టీ కొట్టు ఖలందర్‌కు కూడా. ఆయప్ప నాకు టీ పొయ్యకుండా బతికించినాడు."

సమాధుల మధ్య అందరూ ఒక్కసారి నవ్వారు. పాస్టరు కూడా నవ్వాడు. మోషే చెప్పింది నవ్వుకు కాదు గానీ, ఆ నవ్వు అతనికి బాగానే అనిపించింది.

జ్యోత్స్న ఇంట్లో అందరికీ కాఫీ ఇచ్చారు. మధ్యాహ్నం ఇంకా కాలేదు. మోషే జీవమ్మ వైపు చూసి, ఆమె తల ఊపాక అందుకున్నాడు. ఒక్కో గుటకా ఆగి ఆగి తాగాడు. మంచి డికాషను, నురగ, అడుగున కొంచెం చేదు. ఇన్నాళ్లూ మింగడమే తప్ప రుచి చూసింది లేదని అప్పుడు తెలిసింది.

తిరుగు బస్సులో జీవమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక మూతి తిప్పుకుని అంది.

"అంతమంది ముందర నా పేరు ఎత్తాల్సిన పనేముండాది? సిగ్గేసింది నాకు."

"ఎత్తకుంటే ఎట్ల? ఆ పొద్దు నువ్వు సంచి ఎత్తి చూడకపోయింటే నేను ఈపాటికి మంచం ఎక్కింటి. జబ్బు లేకుండానే."

ఆమె కొంగు సర్దుకుని కొంచెం దగ్గరగా జరిగింది. బస్సు శిరివెళ్లలో ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని మళ్లీ కదిలింది. కిటికీలోంచి వేడిగాలి, తడిపిన పొలాల వాసన. మోషే కనురెప్పలు బరువెక్కాయి. ఒళ్లు "పడుకో" అంటోంది. ఆ మాట ఇప్పుడు అతనికి బాగా వినపడుతోంది.

"నిద్ర వస్తాంది జీవమ్మా" అన్నాడు, అదేదో గొప్ప వార్త అయినట్టు.

"పండుకో. మన ఊరు వస్తే నేను లేపుతా" అని ఆమె భుజం వంచింది. మోషే ఆ భుజం మీద తల ఆన్చాడు.